ఖిదిర్‌పూర్‌ సూరమ్మ, లారీ తాళాలు

కలకత్తా చూడాలని నేను బయల్దేరలేదు. సూరమ్మను చూడాలని బయల్దేరాను. నిజం చెప్పాలంటే ఆమె మీద కుళ్ళుతో బయల్దేరాను.

ఆరేళ్ళ కిందట మా అమ్మాయి శిరీష కాలేజీ నుంచి స్కూటీ మీద వస్తుంటే ఒక లారీ గుద్ది చంపి వెళ్ళిపోయింది. డ్రైవరు సారాకొట్లోంచి తూలుతూ వచ్చి బండెక్కాడని ఎదురుగా ఉన్న కిళ్ళీకొట్టు మనిషి చెప్పాడు. నంబరు మాత్రం ఎవరూ చూడలేదు, వాడు దొరకలేదు. అప్పట్నుంచి తాగి బండి నడపొద్దని కరపత్రాలు పంచుతున్నాను. వాటితో సీట్లు తుడుచుకునేవాళ్ళే ఎక్కువ. ఈమధ్య తోటి టీచరు ఫోనులో కలకత్తా సూరమ్మ వీడియో చూపించింది. ఆమెకు చదువు రాదు. కొడుకు రమణ మా శిరీషలాగే లారీ కింద పోయాడు. అయితే ఆమె ముందు లారీ డ్రైవర్లు వరసకట్టి నిలబడుతున్నారు. పైగా ఆమె కొడుకుని చంపినవాడు దొరికాడు, జైలుకీ వెళ్ళాడు. దుఃఖంలో కూడా ఆమెకే కలిసొచ్చిందే అనుకున్నాను. వెళ్ళి చూద్దాం, నా వల్ల కాని పనైతే కరపత్రాలు మానేద్దాం అని టికెట్ తీశాను.

శుక్రవారం మధ్యాహ్నం రెండు దాటాక విశాఖలో షాలిమార్‌ రైలెక్కాను. స్లీపరు బెర్తు కావాలంటే రెండు వారాల ముందే చూసుకోవాలి. పులిహోర పొట్లం ఇంటి నుంచే తెచ్చుకోవడం మంచిది. పలాసలో ఎక్కిన ముసలమ్మ కలకత్తా దగ్గర బడ్జ్ బడ్జ్‌లో జూట్‌మిల్లులో పనిచేసే కొడుకు దగ్గరికి వెళుతోంది.

"ఎవులింటికమ్మా?" అంది.

"బంధువులింటికి," అన్నాను. ఇంకేం చెప్పను?

తెల్లవారి ఐదున్నరకి కలకత్తాకి నది ఇవతల ఉన్న షాలిమార్‌ స్టేషన్లో దిగాను. సామాను ఉంటే బస్సు కోసం చూడకండి, హుగ్లీ వంతెన మీదుగా టాక్సీలో అరగంటలో ఖిదిర్‌పూర్‌ చేరొచ్చు. బజారు పక్కనే లాడ్జీ తీసుకుని, స్నానం చేసి, ఆకుదొన్నెలో కచోరీ, బంగాళాదుంప కూర తిని పదింటికి సూరమ్మ ఇల్లు వెతుక్కున్నాను. ఆమె మామగారి కాలంలోనే శ్రీకాకుళం నుంచి ఓడరేవులో కూలిపనికి వచ్చిన కుటుంబం. ఒకటే గది, గోడకు రమణ ఫొటో.

"ఏటి టీచరమ్మా, ఒక్కర్తివే వొచ్చేసినావా? రా, కూకో."

మూడింటికి ఆమెతో లారీ అడ్డాకి వెళ్ళాను. అక్కడి పద్ధతి ఇది. సరుకు ఎత్తాక, బండి తీసే ముందు ప్రతి డ్రైవరూ తాళం తెచ్చి ఆమెకిచ్చి, ముఖం మీదికి ఊదాలి. మందు వాసన రాకపోతే తాళం తిరిగి చేతికి. వస్తే టీకొట్టు గోడ మీద మేకుకి. మర్నాడు పొద్దున మళ్ళీ ఊది తీసుకోవాలి. లారీల యజమానులు కూడా ఒప్పుకున్నారు. ఆ మేకులు కొట్టింది, టీలు పోసేది బిశు అనే నలభై ఏళ్ళ మనిషి.

"రమణ మీదకి లారీ తోలింది ఆడే," అంది సూరమ్మ, టీ అందుకుంటూ. "జైలు నుంచొచ్చి మా గుమ్మంలో కూకుండిపోనాడు. లెగమంటే లెగడు."

నేను టీ గ్లాసు బెంచీ మీద పెట్టేశాను. ఆమెకు కళ్ళెదుట తలవంచుకుని తిరిగే ముఖం ఒకటి ఉంది. నాకు తిట్టుకోవడానికైనా ముఖం లేదు.

రద్దీ పెరిగాక సూరమ్మ నన్నూ ఒక వరస చూడమంది. వాళ్ళ నోళ్ళ దగ్గరికి ముక్కు పెట్టాలంటే నాకు ఒళ్ళు జలదరించింది. మూడోవాడు ఊదితే యాలకుల వాసన వచ్చింది. శుభ్రంగా ఉన్నాడనుకుని తాళం ఇచ్చేశాను. అతను తూలుతూ లారీ ఎక్కి ఇంజను వేశాడు. బిశు టీగిన్నె వదిలేసి పరిగెత్తాడు. మెట్టెక్కి, కిటికీలోంచి చెయ్యి దూర్చి తాళం లాగేసి, "మాసీ," అని పిన్నిని పిలిచినట్టు పిలుస్తూ తెచ్చి సూరమ్మ చేతిలో పెట్టాడు.

"యాలకులు సారా కంపుని దాసేత్తాయి. అయి నమిలినోడి సేత రెండోసారి ఊదించాల, టీచరమ్మా," అందామె. కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. ఎదుటి రోడ్డు మీద బడి పిల్లలు దాటుతున్నారు. ఆ మనిషి ఆ పూట ఎవరి పిల్లను గుద్దేవాడో. దాన్ని ఆపింది నేను కాదు, బిశు. అతన్ని మెచ్చుకోవడానికి నాకు మనసు రాలేదు.

ఆదివారం మధ్యాహ్నం షాలిమార్‌ దాకా సూరమ్మే వచ్చి సాగనంపింది. ప్లాట్‌ఫారం బెంచీ మీద కూర్చున్నాక అంది, "నీకొకటి సెప్పనా? నిన్ను సూత్తే నాకు కుళ్ళు."

నా మనసులో మాట ఆమె ఎలా అందా అని ఉలిక్కిపడ్డాను.

"నీకు ఆడు దొరకనేదు గదా. ఆడి మొకం నువ్వు సూడక్కర్నేదు. నానైతే రోజూ ఆడు పోసిన టీయే తాగతన్నాను. ఆడేమో మంచోడైపోనాడు. రమణ గుర్తొచ్చి కడుపు మండితే యెవుల్ని తిట్టుకోవాల నాను?"

రైలు కదులుతుంటే "ఉంటాను, అప్పా," అన్నాను. అప్ప అంటే మా వైపు అక్క. అంతవరకూ ఆమెను సూరమ్మ గారనే పిలిచాను.

కుళ్ళు పోయిందని రాస్తే అబద్ధం. దారి పొడవునా, ఒకరి బాధను ఒకరం మార్చుకోగలిగితే ఎవరికి మేలని లెక్క వేస్తూనే ఉన్నాను. తేలలేదు. సంచిలో మిగిలిన కరపత్రాలు మాత్రం పారెయ్యలేదు.

తెల్లవారుతుండగా విశాఖలో దిగాను. స్టేషను బయట ఆటో అతను సంచి అందుకోబోయాడు. ఆగమని, దగ్గరగా వెళ్ళి నిలబడ్డాను.

"ఒకసారి ఊదు నాయనా."

వింతగా చూసి ఊదాడు. యాలకుల వాసన వచ్చింది.

"మళ్ళీ ఊదు," అన్నాను.