శ్మశానానికి ఐదు గీతల సిగ్నల్

ఈ ఉదయం కెనడాలోని మా గ్వెల్ఫ్ ఊళ్లో కూరగాయల కొట్టు ముందు కారు దిగుతుంటే నెత్తిమీద సీగల్ పక్షి అరిచింది. చేతిసంచీని గుండెలకు హత్తుకున్నాను. రిటైరైనా ఆ అలవాటు పోలేదు. రూత్ గారు గుర్తొచ్చి, ఇంటికి రాగానే పాత డైరీ తీశాను.

భీమవరం నుంచి వచ్చిన రూత్ గారు యాంటెనాలు బిగించే మా బృందానికి లీడ్. నాకన్నా పద్దెనిమిదేళ్లు చిన్న. విద్యార్థులు ఊరంతా నిండిపోతున్న ఏళ్లవి. ఒక్కో బేస్‌మెంట్‌లో ఆరేడుగురుండేవారు, ఎవరి ఫోనూ సరిగా పలికేది కాదు. సెప్టెంబరులో తరగతులు మొదలయ్యేలోగా ఒక ఎత్తైన భవనం పైకప్పు మీద యాంటెనా పెట్టి కొత్త హాస్టల్‌కు సిగ్నల్ అందించాలి. నేనింకా ప్రొబేషన్‌లో ఉన్నాను. యాభై ఎనిమిదేళ్ల వయసులో ఈ ఉద్యోగం పోతే మరొకటి దొరకదు. కాంపాస్‌తో యాంటెనా దిశ చూసి రాయడం నా పని. రాయడమంటే నాకు ప్రాణం. మూడుసార్లు చూశాను, మూడుసార్లూ కావలసిన అంకే వచ్చింది. సంతకం పెట్టాను.

మర్నాడు పరీక్షిస్తే హాస్టల్‌లో ఒక్క గీతా రాలేదు. పక్కనున్న శ్మశానంలో మాత్రం ఐదు గీతలూ నిండుగా ఉన్నాయి. రూత్ గారు నన్ను పైకప్పు మీదికి తీసుకెళ్లారు. నేను డైరీ తెరవబోతే వద్దన్నారు.

“అంకుల్, యాంటెనా వెనక నిలబడి చూడండి. ఎదురుగా ఏముంది?”

“సమాధులండీ.”

“వాళ్లలో ఎవరైనా కంప్లయింట్ చేశారా?”

హాస్టల్ కుడివైపున, ఎర్ర ఇటుకలతో, అంత పెద్దగా ఉంది. ముందురోజంతా నేను తలెత్తనే లేదు.

మళ్లీ కొలవమన్నారు. అదే అంకె వచ్చింది. ఆవిడ కాంపాస్‌ను వదిలేసి నన్నే చూశారు. చివరికి నా మెడలో వేలాడుతున్న లంచ్ బ్యాగ్ మూత పట్టుకుని లాగారు. టక్కుమంది. అయస్కాంతపు బొత్తాం. చేరిన మొదటివారంలో సీగల్ నా పులిహోర ఎత్తుకుపోయింది, అప్పటినుంచి ఆ బ్యాగ్ మెడలోంచి తీసేవాణ్ణి కాదు. పాపం కాంపాస్ ముల్లు ఉత్తరాన్ని వదిలేసి నా భోజనం వైపు మొగ్గింది.

“మూడుసార్లు చెక్ చేశానండీ,” అన్నాను.

“మూడుసార్లూ పులిహోరతోనే చెక్ చేశారు.”

అక్కడే కస్టమర్‌కు ఫోన్ చేసి, తప్పు మా బృందానిదేనని, సాయంత్రానికి సరిచేస్తామని చెప్పారు. నా పేరు ఎప్పుడొస్తుందా అని వింటున్నాను. రాలేదు. తప్పు నాది, నా పేరే చెప్పండన్నాను.

“కింద నా సంతకమూ ఉంది అంకుల్. మీ అంకెలు నీట్‌గా ఉన్నాయని నేనూ తలెత్తి చూడలేదు.”

బ్యాగ్ దూరంగా ఓ మూల పెట్టించి కొలిపించారు. యాంటెనా తిప్పాం, హాస్టల్‌కు గీతలొచ్చాయి. ఈలోగా సీగల్ వచ్చి నా భోజనం కానిచ్చేసింది. ఆవిడ తన చేపల పులుసులో సగం నాకు పెట్టారు. రిపోర్టులో కారణమేమని రాయాలో అడిగితే, ఉన్నదే రాయమన్నారు. “లంచ్ బ్యాగ్” అని రాశాను. ప్రొబేషన్ దాటాను.

తర్వాత ఆవిడ మాంట్రియల్ వెళ్లిపోయారు. లంచ్ బ్యాగ్ సంగతి తేలిన రోజు నుంచి నా డైరీలో ప్రతి కొలత పక్కనా “ఎదురుగా ఏముంది?” అని ఒక గడి గీసుకుంటూ వచ్చాను. రిటైరయ్యాక కొలతలు పోయాయి కానీ గడి ఉండిపోయింది. ఇవాళ అందులో రాసింది ఇది: ఒక సీగల్. బస్టాపులో, ఫోన్‌లో ఎవరితోనో తెలుగులో మాట్లాడుతూ నవ్వుతున్న ఒక అమ్మాయి.