ఇంజను ఆగిన పొద్దు

పోయిన నెల నెల్లూరులో మా అమ్మాయి తన కొడుక్కి పుట్టినరోజు చేసింది. ఏసీ ఫంక్షన్ హాలు, బెలూన్ల కమాను, మైకు పట్టుకుని పిల్లల్ని ఎగిరించే ఒక యాంకరమ్మ, చెవులు దిమ్మెక్కే పాటలు. పెద్దవాళ్లకని ముందు వరసలో వేసిన మెత్తటి సోఫాలో మేమిద్దరం పళ్లేలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాం. అంతలో కరెంటు పోయింది. పాట ఆగింది, ఏసీ ఆగింది, హాలంతా ఒక్కసారి నిశ్శబ్దమైపోయింది. జనరేటరు అందుకోవడానికి ఎంతసేపు పట్టిందని, కళ్లు మూసి తెరిచేంత. ఆ కాస్తలోనే మా ఆయన పళ్లెం కింద పెట్టేసి, లేచి నిలబడి, కాళ్లతో చెప్పులు వెతుక్కుంటున్నారు. దీపాలు వెలిగాక అందరూ చూసి నవ్వారు. కేకు కోయకముందే యాడికి నాన్నా అని మా అమ్మాయి అడిగితే, ఎవరో పిలిచినట్టుంటేనూ అని గొణిగి మళ్లీ కూర్చున్నారు. ఎవరూ పిలవలేదని నాకు తెలుసు.

ఎందుకు లేచారో నా ఈడువాళ్లకు, అందులోనూ మా సముద్రపు ఒడ్డు పల్లెల్లో మొదటిసారిగా రొయ్యల గుంటలు తవ్వుకున్నవాళ్లకు నేను చెప్పనక్కర్లేదు. మిగిలినవాళ్ల కోసం కాస్త వెనకనుంచి మొదలుపెడతాను, ఈ వయసులో తొందరేముంది కనుక.

నా పుట్టిల్లు బుచ్చిరెడ్డిపాలెం వైపు. వరి పండించే ఇల్లు. వరికి ఒక మర్యాద ఉంది. నాటాక మనల్ని కంటినిండా నిద్రపోనిస్తుంది, పెళ్లికి పోయొస్తానంటే పోయి రమ్మంటుంది. ఇందుకూరుపేట అవతల, సముద్రం హోరు వినిపించే ఊరికి నన్నిచ్చేటప్పుడు, పెళ్లికొడుకు రొయ్యల గుంటలు వేస్తున్నాడని మా నాన్న బంధువుల్లో గొప్పగానే చెప్పుకున్నాడు. గడ్డి కూడా సరిగా మొలవని చవుడు నేలకు రాత్రికి రాత్రి విలువ వచ్చిన రోజులవి. రొయ్యను కూరలో చూడటమే గాని అది నీళ్లలో ఎట్లా బతుకుతుందో మావాళ్లలో ఒక్కరికీ తెలియదు. చావడానికి దానికి పెద్ద కారణం అక్కర్లేదని కాపురానికి వచ్చిన కొన్నాళ్లకే నేను తెలుసుకున్నాను.

మబ్బు పట్టినా, గాలి ఆడకపోయినా, పెద్ద వాన కురిసినా నీళ్లలో ఊపిరి తగ్గిపోతుంది. అప్పుడు రొయ్య పైకి వచ్చి గట్ల వెంబడి చేరుతుంది. దాన్నే రొయ్య తేలింది అంటారు, ఆ మాట ఎవరి నోట విన్నా మా ఊళ్లో తింటున్నవాడు చెయ్యి కడుక్కోకుండా పరుగెత్తేవాడు. తేలకుండా నీళ్లను చిలకడానికి గుంటల్లో ఫ్యాన్లు, వాటిని తిప్పడానికి కరెంటు, అది లేనప్పుడు కట్ట మీద డీజిలు ఇంజను. కరెంటు ఉన్న పూటలకంటే లేని పూటలే ఎక్కువ. గుంటలు ఇంటికి కూతవేటు దూరమే కాబట్టి ఆ ఇంజను డబడబలోనే వంట చేశాను, ఆ డబడబలోనే బిడ్డను జోకొట్టాను. కొన్నాళ్లకు ఆ చప్పుడు చెవికి ఆనడం మానేసింది. అది ఆగినప్పుడు మాత్రం ఇంట్లో అందరి తలలూ ఒకేసారి గుంటల వైపు తిరిగేవి.

మాది క్రైస్తవ కుటుంబం. మా అత్త భక్తి గట్టిది. మంచిరోజు, చెడ్డరోజు, వర్జ్యం అన్న మాటలు ఆమె ముందు ఎత్తకూడదు. దేవుడు చేసిన రోజుల్లో చెడ్డది ఎట్లా ఉంటుందని అడిగేది. వాక్యాల క్యాలెండరు తప్ప ఇంట్లో మరొకటి ఉండేది కాదు. రొయ్యకు ఈ సంగతులేమీ పట్టవు కదా. అమావాస్యకూ పౌర్ణమికీ అది ఒంటి మీది గుల్ల విడుస్తుంది, విడిచిన పూట ఒంట్లో సత్తువ ఉండదు, అప్పుడు గనుక ఊపిరి తగ్గిందా, ఇక చెప్పేదేముంది. అందుకని మా ఆయన తిథులున్న తెలుగు క్యాలెండరు ఒకటి తెచ్చి, వాళ్లమ్మ కంటపడకుండా వంటింటి తలుపు వెనక గోడకు తగిలించారు. ఆమె కంటపడనిది ఆ ఇంట్లో ఏముంది గనుక. చివరికి అమావాస్యలు చూసుకునే గతి పట్టిందని ఒక పూటంతా సణిగింది. తీసెయ్యమని మాత్రం అనలేదు. ఆ రోజు నుంచి వంటింటి తలుపును బార్లా తెరిచి పెట్టేది, క్యాలెండరు దాని వెనకే ఉండిపోయేలాగ. ఇంతకీ పట్టింపులు లేవనే మా అత్తే, గుంటలో రొయ్యంతా పట్టి అమ్మే పట్టుబడి అయ్యేదాకా ఇంట్లో రొయ్యల కూర వండనిచ్చేది కాదు. ఇది ఏ వాక్యంలో ఉందని అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

మధ్యాహ్నం క్యారియరు తీసుకుని కట్ట మీది కొట్టానికి నేనే వెళ్లేదాన్ని. మేత మూటల మీద కూర్చుని తింటూ కూడా ఆయన కళ్లు నీళ్ల మీదే. మేత వేసిన ట్రేను నీళ్లలోంచి ఎత్తి, ఒక రొయ్యను అరచేతిలోకి తీసుకుని వెలుతురుకు పట్టి, దాని ఒంట్లో నల్లగా కనబడే గీతను చూపించి, కడుపునిండా తిన్నది చూడు అని మురిసిపోయేవారు. ఒకరోజు నాకు ఒళ్లు మండి, నేను తిన్నానో లేదో మాత్రం ఇన్నాళ్లలో ఒక్కసారీ అడగలేదే అన్నాను. ఆయన బిత్తరపోయారు. పక్కకు జరిగి, క్యారియరు మూతలో అన్నం కలిపి నా ముందు పెట్టారు. ఆ రోజు నుంచి రోజూ అక్కడే తిన్నాం ఇద్దరం. మా కాపురంలో ముచ్చట అంటూ ఏదైనా ఉంటే అది చాలావరకు ఆ మేత మూటల మీదే, ఆ చేపపొట్టు వాసనలోనే జరిగింది.

వేడుకల సంగతి వేరు. పెళ్లయ్యాక మొదటి క్రిస్మస్‌కు మా పుట్టింట్లో అల్లుడికి విస్తరి నిండా వడ్డిస్తే, సగంలో మబ్బు చూసి లేచి స్కూటరెక్కారు. నా సీమంతానికి రానేలేదు. పాపను మా గుడిలో, అంటే చర్చిలో, దేవుడికి ప్రతిష్ఠించిన రోజున ప్రార్థన వరకు ఉండి ఫోటో వేళకు మాయమైతే, ఆ ఖాళీలో మా మరిది నిలబడ్డాడు. ఇప్పటికీ ఆ ఆల్బం చూసిన దూరపు బంధువులు మా మరిదినే మా ఆయన అనుకుంటారు. మేం పిల్లనిచ్చింది మనిషికా, గుంటకా అని మా అమ్మ మా అత్త ముఖం మీదే అన్నది. నాకు కోపం కంటే సిగ్గు ఎక్కువగా ఉండేది. పదిమందిలో నా పక్కన కూర్చోవడానికి ఈ మనిషికి ఒక్క గంట దొరకదా అని ఏడ్చిన రోజులున్నాయి.

అందుకని పాప మొదటి పుట్టినరోజుకు ఆయన దగ్గర మాట తీసుకున్నాను. ప్రార్థన మొదలైన దగ్గరనుంచి కేకు కోసి ఫోటో తీయించుకునేదాకా నా పక్కనుంచి లేవకూడదు, ఏం జరిగినా సరే. లేవనని చేతిలో చెయ్యేసి చెప్పారు. తర్వాత తలుపు వెనక్కి వెళ్లి చూసుకుంటే ఆ తేదీ సరిగ్గా అమావాస్య. ఆదివారానికి జరుపుదామని ఆయన అడిగితే మా అత్త ససేమిరా అన్నది. అమావాస్యకు జడిసి ప్రార్థన వాయిదా వేసే ఇల్లు కాదు మనది అన్నది. నేనూ జరపమని అనలేదు.

ముందురోజు రాత్రి వాన కురిసింది. తెల్లవారాక కూడా మబ్బు విడవలేదు, ఆకు కదలలేదు, ఉక్క. కరెంటు ఎప్పుడు పోయిందో గాని ఇంజను మాత్రం తిరుగుతూనే ఉంది. కాపలా పెద్దాయనను దాని దగ్గర కూర్చోబెట్టి మా ఆయన ఇంటికి వచ్చి, తలస్నానం చేసి, నేను కుట్టించిన లేత నీలం చొక్కా తొడుక్కుని, పాపను ఒళ్లో పెట్టుకుని చాప మీద నా పక్కన కూర్చున్నారు. ఇంటినిండా చుట్టాలు. నెల్లూరు నుంచి కేకు, ఇందుకూరుపేట నుంచి ఫోటోగ్రాఫరు. మా పాస్టరు గారిని మేం అయ్యగారు అంటాం, ఆయన ప్రార్థన పొడుగని పేరు. అందరం కళ్లు మూసుకున్నాం. ప్రార్థన సగంలో ఉండగా ఇంజను ఆగిపోయింది.

నేను కళ్లు తెరిచాను. ఆయనవి అప్పటికే తెరుచుకుని ఉన్నాయి. వాకిలి వైపు కాదు, నా వైపే చూస్తున్నారు. ముఖంలో నెత్తురుచుక్క లేదు. అయినా కదల్లేదు. మాట ఇచ్చాను గనుక గుంటలు పోతే పోనీ అని కూర్చున్నారని నాకు అర్థమైంది. పెళ్లయిన నాటి నుంచి నేను కోరుకున్నది అదే, ఆ మనిషి నా పక్కన అట్లా కూర్చోవడమే. తీరా దొరికిన నిమిషంలో దాన్ని చూడలేకపోయాను. ప్రార్థన మధ్యలో లేవడం మా ఇళ్లలో ఎంత తప్పో తెలిసి కూడా లేచి నిలబడ్డాను.

"లేవండి, ఇంజను ఆగిపోయింది" అన్నాను, అందరికీ వినపడేలాగే.

అయ్యగారు ఒక్క ఆమేన్‌తో ముగించేశారు. "పదండి నాయనా, మిగతాది ఆడ చేసుకుందాం" అన్నారు.

మేం పోయేసరికి గట్టు వెంబడి రొయ్యల మీసాలు నీళ్లపైన కదులుతున్నాయి. ఇంజను ఇక కదలదని పెద్దాయన చేతులెత్తేశాడు. పక్క ఊరి నుంచి మరో ఇంజను తేవడానికి మా మరిది ట్రాక్టరు తీశాడు, అది వచ్చేదాకా నీళ్లను చేతుల్తోనే చిలకాలి. మా ఆయన కొత్త చొక్కాతోనే దిగిపోయారు, వెనకాలే నేను. చుట్టాలు తాటిమట్టలు పట్టుకుని దిగారు, బక్కెట్లు పట్టుకుని దిగారు. అయ్యగారు తెల్లపంచె ఎగగట్టి, ప్రసంగంలో కంటే గట్టిగా నీళ్లను బాదారు. మా అత్త వంట దగ్గరి గుండిగ మూత తెచ్చుకుంది. గుంటకిచ్చామా పిల్లను అన్న మా అమ్మ, పట్టుచీర దోపుకుని నడుము లోతున నిలబడి, వియ్యపురాలికి ఎదురుగా నీళ్లు చిమ్ముతూ ఉంది. అయ్యగారి భార్య కట్ట మీద పాపను ఎత్తుకుని ఉంటే, పాప మమ్మల్నందర్నీ చూసి ఇదంతా తన కోసమే అనుకుని చప్పట్లు కొట్టింది.

ట్రాక్టరు మీద ఇంజను వచ్చి ఫ్యాన్లు తిరిగేసరికి ఎవరి చేతులూ పైకి లేవడం లేదు. చచ్చింది చావగా మిగిలిన రొయ్య బతికింది, పట్టుబడి దాకా నిలిచింది. కేకు కట్ట మీదికే తెచ్చి మేత మూటల మీద పెట్టి కోశాం. ఉప్పునీళ్ల చేతులతో తిన్నాం కాబట్టి అది తియ్యగానూ ఉప్పగానూ ఉంది. మా అత్త చీర చెరగు పిండుకుంటూ నా దగ్గరికి వచ్చింది. ప్రార్థనలో లేచినందుకు తిడుతుందనుకున్నాను.

"ఆ తలుపెనక క్యాలెండరు తీసి నడింట్లో తగిలించమ్మే" అన్నది. "అమావాస్య మాత్రం, దేవుడు చేసిందే గదా అదీ."

ఫోటోగ్రాఫరు కట్ట మీదనుంచి తీసిన ఒక ఫోటో ఉంది. మేమిద్దరం పక్కపక్కన నడుము లోతు నీళ్లలో ఉన్నాం, ఆయన చొక్కా బురదలో రంగు తెలియడం లేదు, ఇద్దరి చూపూ కెమెరా వైపు లేదు. ఆ రోజుల్లో మేమిద్దరం కలిసి ఉన్న వేడుక ఫోటో అదొక్కటే. తర్వాత తెగుళ్లు వచ్చాయి, టైగరు రొయ్య పోయి వెనామీ రకం వచ్చింది, మా అత్త వెళ్లిపోయింది, మా అమ్మా వెళ్లిపోయింది. ఇప్పుడు గుంటలు లీజుకిచ్చేశాం. తీసుకున్నవాళ్లు నీళ్లలో ఊపిరి ఎంతుందో ఫోనులోనే చూసుకుంటారట, కరెంటు పోతే జనరేటరు దానంతటదే అందుకుంటుందట. మంచిదే, మేం పడ్డ తిప్పలు వాళ్లెందుకు పడాలి. మా ఆయన ఇప్పుడు ఏ శుభకార్యానికైనా అందరికంటే ముందు తయారవుతారు, ప్రతి ఫోటోలోనూ నా పక్కనే ఉంటారు. ఆయన లేని ఫోటో కావాలంటే ఇప్పుడు వెతుక్కోవాలి.

ఆ రోజు హాలు నుంచి ఇంటికి వస్తూ కారులో, మీ నాన్న చెప్పులు వెతుక్కోవడం చూశావా అని నేను నవ్వాను. మా అమ్మాయి నవ్వలేదు.

"నాన్న సంగతి సరేమ్మా, నువ్వెందుకు లేచినావు? ముందు లేచింది నువ్వే గదా" అన్నది.

నేను లేచినట్టు అప్పటిదాకా నాకే తెలియదు. ఆయన ఏమీ ఎరగనట్టు కిటికీలోంచి బయటికి చూస్తున్నారు, చెయ్యి మాత్రం నా చేతి మీద పెట్టారు. అప్పటినుంచీ ఆ మాటే తలుచుకుంటున్నాను. ఆనాడు ఇంజను ఆగితే ఇల్లంతా లేచింది, అయ్యగారితో సహా. మొన్న హాల్లో అంతమంది ఉన్నారు, ఎవరూ లేవనక్కర్లేదు కూడా. లేచింది మేమిద్దరమే.