ప్రతి ఉత్తరానికీ జవాబు

లక్డీకాపూల్‌లో ఒక ఆఫీసులో ముప్పై ఏళ్లకు పైగా టపా చూశాను. వచ్చిన ప్రతి కాగితానికీ జవాబు వెళ్లి తీరాలన్నది అక్కడ నాకు ఒంటబట్టిన అలవాటు. రిటైరయ్యాక నాంపల్లిలో మా ఇంట్లో కూర్చుని ఈమెయిళ్లకూ అలాగే చేశాను. నా కొంప మునిగింది అక్కడే.

మెయిల్ ఐడీ ఇమ్మంటే కాదనడం నాకు చేతకాదు. ఆబిడ్స్‌లో చెప్పులు కొన్నా, కళ్లజోడు కొన్నా, కౌంటర్లో అమ్మాయి అడగడమే తరువాయి, ఒక్కో అక్షరం నిదానంగా చెప్పేవాణ్ణి. ఎగ్జిబిషన్‌కి వెళ్తే కనబడ్డ ప్రతి స్టాల్లోనూ లక్కీ డ్రా చీటీ నింపాల్సిందే. ఇన్నేళ్లలో నాకు తగిలింది ఒక ప్లాస్టిక్ డబ్బా, అదీ మూత లేకుండా.

ఇక మెయిళ్లు మొదలయ్యాయి. పరుపులు, ప్లాట్లు, లోన్లు, మోకాళ్ల నొప్పుల మందులు. అన్నిటికీ మర్యాదగా జవాబిచ్చాను. జుట్టు పెరిగే నూనెవాళ్లకైతే, "తమరి లేఖ అందినది. నాకు బట్టతల వచ్చి ఇరవై ఏళ్లయినందున తమ నూనె అవసరం లేదని తెలియజేయడమైనది" అని రాశాను. మర్నాడు అదే నూనె గురించి మూడు మెయిళ్లు వచ్చాయి. వాటికీ రాశాను. రానురాను రోజుకు వందలొచ్చిపడి, ఎంత రాసినా సగం తెరవకుండానే మిగిలిపోయేవి.

మా ఆవిడ బషీర్‌బాగ్‌లో టీచరు. మొన్న వేసవి సెలవుల్లో, జీవితంలో మొదటిసారి, ఒక కథ రాసింది. నాలుగుసార్లు తిరగరాసి, నాచేత టైపు చేయించి, తనకంటూ ఐడీ లేదు కాబట్టి నా ఐడీ నుంచే ఒక పత్రికకు పంపించింది. బడి తెరిచాక రోజూ ఇంటికొచ్చి చెప్పులు విప్పుతూనే ఏమన్నా వచ్చిందా అని అడిగేది. లేదనేవాణ్ణి. కొన్నాళ్లకు అడగడం మానేసింది. కథ రాసిన నోటుబుక్కు బీరువాలో చీరల కిందికి పోయింది. అది చూసి నాకు బాధేసింది. పత్రికవాళ్ల మీద ఒళ్లు మండింది కూడా. ఉత్తరానికి జవాబివ్వనివాళ్లు ఏం మనుషులని తిట్టుకున్నాను.

ఒకరోజు మొజంజాహీ మార్కెట్లో మా ఆఫీసు పాత కంప్యూటర్ ఆపరేటర్ కలిశాడు. ఐస్‌క్రీమ్ తింటూ నా మెయిళ్ల గోల చెప్పుకున్నాను. నా జవాబుల సంగతి వినగానే చెంచా కింద పెట్టేశాడు.

"అన్నా, నువ్వు జవాబు రాసినప్పుడల్లా గీడ మనిషి ఉన్నడని వాళ్లకు ఎరుకైతది. ఇగ ఊకుంటరా?"

నిజంగా మనం కొన్న దుకాణాలవైతే మెయిలు అడుగున అన్‌సబ్‌స్క్రైబ్ నొక్కమన్నాడు. ముక్కూమొహం తెలియనివాళ్లవైతే తెరవకుండానే స్పామ్‌లో పడేయమన్నాడు. జవాబు మాత్రం చచ్చినా రాయొద్దన్నాడు.

ఇంటికొచ్చి ఏరడం మొదలుపెట్టాను. మూడో రోజు, ఒక పరుపుకీ ఒక లోనుకీ మధ్య, పత్రికవాళ్ల ఉత్తరం కనబడింది. కథ నచ్చిందట. చివరి పేజీ తీసేయడానికి ఒప్పుకుంటే వేస్తామని, పదిహేను రోజుల్లో తెలియజేయమని రాశారు. అది వచ్చి నలభై రోజులైంది.

దాచేద్దామని ఒక్క క్షణం అనిపించింది, అబద్ధమెందుకు. మా ఆవిణ్ణి పిలిచి చూపించాను. ఆవిడ రెండుసార్లు చదువుకుంది. నేను గబగబా, "తమరి లేఖ ఆలస్యంగా చూడడమైనది" అని టైపు కొట్టబోయాను. నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"నూనెలోళ్లకు అందరికీ మీరే రాసిన్రు. గీ ఒక్కటి నేను రాస్త. జర జరుగున్రి."

అక్కడే తన ఫోన్లో కొత్త ఐడీ తెరుచుకుని, చివరి పేజీ తీసేయడానికి ఒప్పుకుంటూ దాన్నుంచి రెండు వాక్యాలు రాసి పంపించింది.

ఆ తర్వాత నాలుగు రోజులు నాకు అన్నం సయించలేదు. రోజూ ఆవిడ బడినుంచి వచ్చే వేళకి గుమ్మంలో నిలబడి, ఏమన్నా వచ్చిందా అని నేనే అడిగేవాణ్ణి. లేదనేది. ఐదో రోజు చెప్పులు విప్పుతూ, పై నెల వేస్తరంట అంది. లోపలికెళ్లి చీరల కిందనుంచి నోటుబుక్కు తీసి బల్లమీద పెట్టుకుంది.

ఆ కొత్త ఐడీ ఏమిటో మాత్రం నాకు ఇప్పటికీ చెప్పలేదు.