మాలకొండయ్య ఇచ్చిన ఇటుక రంగు

మాలకొండయ్య బిట్రగుంట రైల్వేలో పెయింటరు. ఉద్యోగమంతా ఇంజన్ల మీద, పెట్టెల మీద అంకెలు రాయడంతోనే గడిచింది. రిటైరయ్యాక బోగోలులో ఇంటి వసారాలో కూర్చుని జానెడు పొడవు రైలు పెట్టెలు చేసేవాడు.

రేకు, చెక్క ఎక్కడైనా దొరుకుతాయి. ఆయన ప్రాణమంతా రంగుల మీదే. ముప్పై ఏళ్ళ కిందట మద్రాసులో కొన్న చిన్న ఎనామిల్ రంగు డబ్బాలు నలభై దాకా దాచుకున్నాడు. పాత ప్యాసింజరు బండ్ల ఇటుక రంగు ఇప్పుడు ఏ కొట్లోనూ దొరకదు. వాడిన ప్రతిసారీ డబ్బా అంచు తుడిచి మూత బిగించేవాడు. మళ్ళీ తీసినప్పుడు మీగడ కట్టి ఉంటే దాన్ని కలిపెయ్యకుండా కత్తిమొనతో కోసి తీసేసి, రెండు చుక్కలు టర్పెంటైన్ వేసి, అడుగుదాకా తిప్పి వడకట్టేవాడు. ముందు రేకుముక్క మీద పూసి, మర్నాడు గోటితో గీకి చూశాకే పెట్టె మీద కుంచె పెట్టేవాడు.

అలా రెండేళ్ళు కష్టపడి మూడు పెట్టెలు చేస్తే, విజయభాస్కర్ వచ్చి నెల్లూరు ప్రదర్శనలో పెడతానని తీసుకెళ్ళాడు. అతను రైల్వేలో గార్డుగా చేసినవాడు, రెండు వీధుల అవతల ఉంటాడు. వారం తిరగకుండా పేపర్లో ఫోటో వచ్చింది. పెట్టెల పక్కన విజయభాస్కర్, కింద తయారు చేసినవాడిగా అతని పేరే. అడిగితే పేపరు వాళ్ళు తప్పు రాశారన్నాడు. పెట్టెలు మాత్రం తిరిగి రాలేదు. అతని ముందుగదిలో అద్దాల బీరువా ఎక్కాయి. వచ్చిన చుట్టాలందరికీ తన పనితనమని చూపిస్తున్నాడని తెలిసింది. పోయి తెచ్చుకోమని భార్య ఇందిరమ్మ ఎన్నోసార్లు పోరింది. మాలకొండయ్య కదల్లేదు. ఆరేళ్ళు ఆ మంటను లోపలే దాచుకున్నాడు.

మొన్న మాఘమాసంలో విజయభాస్కర్ తనే వచ్చాడు. బీరువా తుడుస్తుంటే ఒక పెట్టె కిందపడి రంగు లేచిపోయిందట. నాలుగు రోజుల్లో మళ్ళీ ప్రదర్శన, చెన్నై నుంచి చంద్రమౌళి గారనే పెద్దమనిషి చూడటానికి వస్తున్నారట.

"ఆ ఇటుక రంగు కాస్త ఇయ్యన్నా. నీ దగ్గర తప్ప ఇంకెక్కడా లేదు."

మాలకొండయ్య లోపలికి వెళ్ళాడు. ఇటుక రంగు డబ్బాలు రెండున్నాయి. ఒకటి మంచిది. రెండోదాంట్లో ఏడాది కిందట టర్పెంటైన్ అనుకుని కిరసనాయిలు పోశాడు. రేకు మీద పూస్తే నెలయినా ఆరలేదు. ఆ రెండోదే తెచ్చి అతని చేతిలో పెట్టాడు.

"ఒక్కచోట పూస్తే అతుకు తెలిసిపోతుంది భాస్కరా. మూడు పెట్టెలకూ మొత్తం పూసెయ్."

విజయభాస్కర్ దణ్ణం పెట్టి వెళ్ళాడు. ఆ నాలుగు రోజులూ మాలకొండయ్య కడుపునిండా తిన్నాడు, హాయిగా నిద్రపోయాడు.

ప్రదర్శన రోజు నెల్లూరు బండెక్కి పోయి జనంలో నిలబడ్డాడు. పెట్టెలు దుమ్ము పట్టి, చీమలు అంటుకుని ఉన్నాయి. ఆరకపోయేసరికి తుడవబోయాడేమో, కింది పాత రంగు కూడా లేచి అంకెలు చెరిగిపోయాయి. చంద్రమౌళి గారు ముట్టుకుంటే వేలిముద్ర పడింది. ఇదేమిటని ఆయన అడిగితే విజయభాస్కర్ జనంలోకి చూశాడు. మాలకొండయ్య కనబడ్డాడు.

"ఆయనే చెడిపోయిన రంగు ఇచ్చినాడు సార్."

"ఇచ్చినాను," అన్నాడు మాలకొండయ్య. "చెడిపోయిందని తెలిసే ఇచ్చినాను. ఈ పెట్టెలు చేసినవాడయితే మూత తియ్యగానే కిరసనాయిలు వాసన పట్టేసుండేవాడు."

ఇవి ఎవరు చేశారని చంద్రమౌళి గారు మెల్లగా అడిగారు. విజయభాస్కర్ తలొంచుకుని, చేత్తో మాలకొండయ్య వైపు చూపించాడు. అందరి ముందూ ఆ చెయ్యి లేచిన క్షణం కోసమే ఆరేళ్ళు బతికినట్టనిపించింది మాలకొండయ్యకు.

పెట్టెలు ఇంటికొచ్చాయి. రంగంతా గీకి చూస్తే, మూడు వెంట్రుకల కుంచెతో తను రాసిన అంకె ఒక్కటీ మిగల్లేదు. మంచి డబ్బాలో ఉన్న రంగు ఒక్క పెట్టెకే సరిపోయింది. మిగతా రెండూ బోడిగా ఉండిపోయాయి.

వాటిని ఒడిలో పెట్టుకుని చూస్తూ ఇందిరమ్మ అడిగింది. "నీ పనిని నువ్వే పాడుచేసుకుంటివి గదా. బాధగా లేదా?"

"బాధగానే ఉంది," అన్నాడు మాలకొండయ్య. "అయినా మళ్ళీ అడిగితే ఆ డబ్బానే ఇస్తా."