నీటి కింది అడుగులు

ఆరుతున్న బురద వాసన తగిలితే ఇప్పటికీ నా వెన్ను జలదరిస్తుంది. చిన్న వరి రైతుల పొలాల్లో నీటిమట్టం చూసే గొట్టాలు పాతించడమే నా ఉద్యోగం కాబట్టి, ఆ వాసన నుంచి తప్పించుకునే దారి లేదు.

అది మొదట తగిలింది హ్యూస్టన్‌కు పడమట, వరలక్ష్మి ఆంటీ పొలంలో. ఆంటీ, అంకుల్ ఐటీ ఉద్యోగాలు మానేసి, కాస్త నేల కౌలుకు తీసుకుని వరి వేశారు. ఆ ఏడు నాట్లయిన కొన్నాళ్ళకే, మడి చూసి వస్తూ అంకుల్ గట్టు మీద కుప్పకూలిపోయారు. గుండెపోటు. ఆనాటి నుంచి ఆంటీ మడిలో నీళ్ళు తగ్గనివ్వలేదు. బోరేమో అడుగంటుతోంది. చుట్టుపక్కల చిన్న రైతులంతా ఆరుతడికి మారిపోయారు. చిల్లుల గొట్టం పాతి, అందులో నీరు బాగా కిందికి దిగాకే మళ్ళీ తడి పెట్టడం. నీళ్ళు మిగులుతాయి, మడి నుంచి మీథేన్ తగ్గుతుంది. కొత్త ఉద్యోగం హుషారులో ఇదంతా ఏకరువు పెట్టాను. ఆంటీ నీళ్ళకేసే చూస్తున్నారు.

“మెథడ్ నాకు తెలుసమ్మా. నీళ్ళు తీస్తే ఆయన కనిపిస్తారు.”

నేను విననట్టే గొట్టం మీది చిల్లులు చూపించాను.

“బోరు ఎండితే మొత్తం పంట పోతుంది ఆంటీ.”

“అదీ తెలుసు,” అంటూ ఆవిడే వెళ్ళి పంపు ఆఫ్ చేశారు.

కొన్ని రోజులకు నీరు ఇంకి, నేను మళ్ళీ వెళ్ళేసరికి బురదలో బూటు గుర్తులు తేలాయి. మడి మధ్య నుంచి గట్టు వైపు. మొదట పెద్ద పెద్ద అంగలు, గట్టు దగ్గరికొచ్చేసరికి ఒకదాన్నొకటి తొక్కుకుంటూ. ఎవరూ లేని పొలంలో ఎవరో ఆయాసపడుతూ నడిచొస్తున్నట్టే ఉంది. నాకు పారిపోవాలనిపించింది. ఆంటీ చివరి అడుగు పక్కన కూర్చుని, గొట్టం అక్కడే పాతమన్నారు.

“నా దగ్గరికే వస్తున్నారు, చూడు,” అన్నారు.

తర్వాతి తడి ఆరినప్పుడు నేనొక్కదాన్నే ముందుగా వెళ్ళాను. బూటు గుర్తుల పక్కనే చిన్న చిన్న వట్టి పాదాల గుర్తులు, మడి మధ్య నుంచి గట్టుదాకా. వంగి చూస్తున్నాను. వెనక నుంచి ఆంటీ గొంతు వినిపించింది.

“అవి నావేనమ్మా. ఆ రోజు ఆయన ఒక్కరే నడిచారుగా. మొన్న నీళ్ళలో దిగి తోడు నడిచాను.”

పంట దక్కింది. కోత మెషీన్ గుర్తులన్నీ చెరిపేసింది. మరుసటేడు ఆంటీ కూతురి దగ్గరికి వెళ్ళిపోయారు, ఆ నేల ఇంకెవరో తీసుకున్నారు.

ఇప్పుడు ఏ రైతుకైనా నీళ్ళు తియ్యమని చెప్పే ముందు, ఈ మడిలో చివరిసారి ఎవరు నడిచారని అడుగుతాను. చాలామంది నవ్వేస్తారు. ఎప్పుడో ఒకరు మాత్రం నీళ్ళకేసి చూస్తూ ఉండిపోతారు. ఆ రోజు నేను గొట్టాలు కార్‌లోంచి దించను.