యుద్ధం నుంచి ఇంటికొచ్చినంక

బాన్సువాడలో నేను విలేకరిగా చేరినప్పుడు నాకు పని నేర్పింది మా ఆఫీసులో సీనియర్ అయిన ఒక అక్క. సరిహద్దు యుద్ధంలో మందుపాతర పేలి కాలు పోగొట్టుకున్న ఒక జవాను పెద్ద కొడప్‌గల్ దగ్గరున్న తన ఊరికి తిరిగొచ్చినప్పుడు, ఆ ఊరేగింపు వార్త రాసింది ఆమే. మొదటి పేజీలో వచ్చింది. అందరం మెచ్చుకున్నాం. ఆమె మాత్రం, "దండలు వాడినంక ఆ పిల్లగాడు ఎట్లున్నడో ఎవరన్నా అడిగిండ్రా?" అన్నది.

కొన్నేళ్లకు ఉద్యోగం మానేసి ఆ సంగతే పుస్తకంగా రాయడానికి కూర్చుంది. మొదటిసారి ఆ ఇంటికి వెళ్తూ నన్నూ వెంట తీసుకెళ్లింది.

జవాను అరుగు మీద కూర్చుని ఉన్నాడు.

"యుద్ధం గురించి అంతా పేపర్ల రాసిండ్రు గదక్కా. ఇగ నేనేం చెప్పాలె?"

"యుద్ధం వద్దు తమ్మీ. ఇంటికొచ్చినంక ఏమైందో గది చెప్పు."

అతను పక్కనున్న కర్రను దగ్గరికి లాక్కుని వీధి వైపు చూశాడు. అక్క రెట్టించలేదు. లోపల జొన్నరొట్టెలు చేస్తున్న అతని భార్య దగ్గరికెళ్లి కూర్చుని, పిండి పిసికి ఇచ్చింది. రొట్టె కాలుస్తూ ఆ భార్యే చెప్పడం మొదలుపెట్టింది.

"ఈయన పొలంల కాలు పెట్టకపోతుండె అక్కా. మన్ను కింద ఏమన్నున్నదేమోనని. నేనే ముందు నడిచిన. నేను అడుగేసిన కాడనే కర్ర పెట్టుకుంట నా వెనక వస్తుండె. గట్ల ఒక పంటకాలం నడిచినం."

ఆ అధ్యాయం రాశాక అక్క నాకు చదవమని ఇచ్చింది. ఒక్క అక్షరం మార్చనక్కర్లేదన్నాను. అయినా అచ్చుకు ఇచ్చేముందు మళ్లీ ఆ ఇంటికి వెళ్లి ఇద్దరికీ చదివి వినిపించింది. నేనూ పక్కనే ఉన్నాను. జవాను తలవంచుకుని చివరిదాకా విన్నాడు.

"అంతా నా భయమే రాసినవక్కా," అన్నాడు. "ముందు నడిచింది ఆమె. నీకు భయం కాలేదా అని ఆమెను నేనూ అడగలే, నువ్వూ అడగలే."

అక్క ఆమె వైపు తిరిగింది. ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంటూ, "రోజూ అయ్యింది. చెప్తే ఈయన ఆగిపోతడని చెప్పలే," అన్నది.

జవాను ముఖం పక్కకు తిప్పుకున్నాడు. అక్క కాగితాలు మడిచి సంచిలో పెట్టుకుంది. ఆ అధ్యాయమంతా జవాను భార్య వైపు నుంచి మళ్లీ మొదటి నుంచి రాసింది. పొద్దున విన్నది సాయంత్రానికల్లా పంపేయడమే తెలిసిన నాకు, రాయడం అంటే అంత ఓపిక అని అప్పుడే అర్థమైంది.

పుస్తకం వచ్చాక మద్నూర్ వైపు నుంచి కూడా జవాన్ల ఇండ్ల ఆడవాళ్లు అక్కకు ఫోన్ చేస్తున్నారు. "మా ఇంటికి ఎప్పుడొస్తవక్కా?" అని అడుగుతారు. ఆమె వెళ్తూనే ఉంది.