మాస్టారి ఫ్రెంచి మైదానం

మా డ్రిల్లు మాస్టారు పోయారు. బెజవాడలో నేను గుమాస్తాగా ఉన్న బట్టల కొట్టుకు బందరు నుంచి చీరలు తెచ్చిన మా చిన్నాన్న, మూట దించకుండానే ఆ మాట చెప్పాడు. "తెల్లారుజామున పోయార్రా. సాయంత్రం తీసుకెళ్తారంట. బయల్దేరు" అన్నాడు. చేతిలో చీర మడతపెట్టానో లేదో కూడా నాకు గుర్తు లేదు.

మాస్టారి గురించి చెప్పాలంటే బందరు ఫ్రెంచిపేటలోని ఫుట్‌బాల్ మైదానం గురించి చెప్పాలి. చుట్టూ ఇంగ్లీషువాళ్ల రాజ్యమైనా ఆ కాస్త పేటా ఫ్రెంచివాళ్లది. ఎప్పుడో ఓ ఫ్రెంచి దొర చిత్తడి నేల పూడ్పించి, గోలుపోస్టులు పాతించి, చూసేవాళ్ల కోసం ఇటుక మెట్లు కట్టించాడట. దొర వెళ్లిపోయాక దాన్ని కనిపెట్టుకుని ఉన్నది మాస్టారొక్కరే. వాన వెలిస్తే చాలు, పంచె ఎగగట్టి పార పట్టుకునేవారు.

పొద్దునపూట మాత్రం ఆ మైదానం మా నేతవాళ్లది. మగ్గానికి ఎక్కించే ముందు పడుగు దారాలకు గంజి పెట్టి, కర్రలు పాతి బారుగా సాగదీసి ఆరబెట్టాలి. మా వీధిలో అంత చోటేదీ? మాస్టారే పిలిచి ఇచ్చారు. "కర్రలు పీకాక గుంటలు పూడ్చండర్రా, ఆడేవాళ్ల కాళ్లు విరుగుతాయి" అనేవారు. ఆటలో పడ్డవాణ్ణి చూసి ఎవడైనా నవ్వాడా, ఆయనకు ఒళ్లు మండేది. "నవ్వింది చాల్లే, ముందు చెయ్యివ్వు" అనేవారు.

స్వతంత్రం వచ్చాక ఫ్రెంచివాళ్లు పేటను మనకు అప్పగించి వెళ్లారు. ఏ స్థలం దేనికో రాసుకోవడానికి అధికారి వస్తున్నాడన్నారు. మైదానానికి కాగితం ముక్క లేదు. అప్పుడు నేను, తగుదునమ్మా అని, మావాళ్లకు సలహా చెప్పాను.

"ఆటస్థలం అంటే ఎవడు లెక్కచేస్తాడు? పడుగులు సాగదీసే చోటు, తాతలనాటిది అనండి. కూడు పెట్టే పనంటే ముట్టుకోరు."

అందరూ అలాగే చెప్పారు. మెట్ల మీద కూర్చున్న మాస్టారు, "ఇక్కడ ఆడతామని ఒక్కడైనా చెప్పండర్రా" అన్నారు. ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

అధికారి నేతపనికని రాసుకున్నాడు. నేతపనికని ఉంది కదా అని అక్కడ సర్కారువాళ్లు నూలు గోడౌను కట్టేశారు! ఆటా పోయింది, పడుగుకూ చోటు లేకుండా పోయింది. నేను తిరగని ఆఫీసు లేదు. "మీవాళ్లే కదయ్యా చెప్పి వేలిముద్రలు వేసింది" అన్నారు.

మాస్టారి దగ్గరికెళ్లి ఏడ్చాను. "మంచికే చెప్పావు" అన్నారాయన. "కానీ ఆట అని చెప్పడానికి నీకే సిగ్గేసిందిరా" అన్నారు. ఇప్పటికీ కాదనలేను.

చిన్నాన్నతో బందరు చేరిన ఆ సాయంత్రం, పాడె పట్టిన నలుగురమూ ఆయన దగ్గర ఆడినవాళ్లమే. ఒకప్పుడు శ్మశానానికి మైదానం మీదుగానే దగ్గర దారి. ఎవరూ ఆలోచించలేదు, అలవాటు కొద్దీ కాళ్లు అటే తిరిగాయి. తీరా వెళ్తే ఎదురుగా గోడౌను గేటు. వెనక జనం. ఆ సందులో పాడె తిప్పడానికి వీల్లేదు. "అయ్యయ్యో, ఉండండి బాబూ, ఉండండి" అంటూ లోపలినుంచి కాపలావాడు మమ్మల్ని అవతలికి పంపేందుకు గుత్తిలోని తాళంచెవులు ఒక్కొక్కటీ పెట్టి చూస్తున్నాడు. మాస్టారు మా భుజాల మీద ఉన్నారు. ఏ చెవీ పట్టడం లేదు.